అద్దె యంత్రం మీద అసలు పరీక్ష



ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు వెయ్యిమందికి వండే గుండిగలు కొని అటక మీద దాచుకోరు. ఆ రెండు రోజులకూ అద్దెకు తెచ్చుకుని, పని కాగానే తోమించి పంపేస్తారు. కంప్యూటర్ ప్రోగ్రాములను పరీక్షించే పనికి కూడా ఇప్పుడు ఇదే పద్ధతి వచ్చింది. దీన్నే క్లౌడ్ మీద టెస్టింగ్ అంటున్నారు. క్లౌడ్ అంటే మబ్బే గాని, ఆకాశంలో ఏమీ లేదు. ఇంజనీర్లు పటాలు గీసేటప్పుడు దూరాన ఉన్న నెట్‌వర్కును మబ్బు బొమ్మగా చూపేవారు. ఆ పేరు అలా నిలిచిపోయింది. ఎక్కడో ఒక భవనంలో వరుసలుగా పేర్చిన యంత్రాలను గంటల లెక్కన అద్దెకు తీసుకోవడమే అసలు సంగతి.

ప్రోగ్రాం రాయడం ఒక ఎత్తు, అది సరిగా నడుస్తుందో లేదో తేల్చుకోవడం మరొక ఎత్తు. పరీక్షకు వాడే యంత్రం అసలు యంత్రంలాగే ఉండాలి. కాని, అదే అయి ఉండకూడదు. బ్యాంకు లెక్కలు నడుస్తున్న యంత్రం మీద ప్రయోగాలు చేస్తే ఖాతాదారుల గతి ఏమిటి? కనుక పరీక్షకు వేరే యంత్రం కావాలి. బెంగళూరు సాఫ్ట్‌వేర్ చరిత్రలో సగం ఈ వేరే యంత్రం కోసం పడిన పాట్లే.

1981లో పుణేలో పుట్టిన ఇన్ఫోసిస్ 1983లో బెంగళూరుకు తరలివచ్చింది. ఆ రోజుల్లో విదేశీ కంప్యూటర్ తెప్పించాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాలి. దానికోసం ఏళ్ళ తరబడి ఢిల్లీ చుట్టూ తిరగవలసి వచ్చిందని నారాయణమూర్తి గారు అనేక సభల్లో చెప్పారు. చేతిలో యంత్రం లేని ఇంజనీర్లు ఏం చేస్తారు? యంత్రం ఉన్న చోటికి, అంటే అమెరికాలోని ఖాతాదారు కార్యాలయానికి, విమానం ఎక్కి వెళ్ళారు. 1984 నవంబరులో వచ్చిన కొత్త కంప్యూటర్ విధానం దిగుమతులను కొంత సులభం చేసింది.

మనుషులను పంపే బదులు పనినే పంపవచ్చునని చూపించినది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ. 1985లో బెంగళూరుకు వచ్చి, మిల్లర్స్ రోడ్డులోని సోనా టవర్స్‌లో కార్యాలయం పెట్టింది. ఉపగ్రహం ద్వారా తన విదేశీ కార్యాలయాలతో సొంత సంబంధం ఏర్పరచుకుంది. తరువాత 1991లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా ఇటువంటి సదుపాయాన్ని చిన్న సంస్థలకూ అందించింది. మనకు పగలైతే అమెరికాకు రాత్రి. అక్కడ ఖాళీగా ఉన్న యంత్రం మీద ఇక్కడివాళ్ళు పగటిపూట పనిచేయగలిగారు.

దీని విలువ 2000 సంవత్సరం సమీపించినప్పుడు బాగా తెలిసివచ్చింది. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాశారు. 99 తరువాత 00 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకోవచ్చు. సరిదిద్దిన ప్రోగ్రామును పరీక్షించాలంటే గడియారాన్ని ముందుకు తిప్పి 1999 డిసెంబరు 31 అర్ధరాత్రిని దాటించాలి. 2000 ఫిబ్రవరి 29ని కూడా సరిగా గుర్తిస్తుందో లేదో చూడాలి. నడుస్తున్న బ్యాంకు యంత్రం గడియారాన్ని అలా తిప్పడానికి వీలులేదు గదా! అందుకే విడి యంత్రానికి, విడి సమయానికి అంత గిరాకీ వచ్చింది. బెంగళూరులోనూ హైదరాబాదులోనూ వేలాదిమంది యువకులు, యువతులు ఈ పనిమీదే ఉద్యోగాల్లో అడుగుపెట్టారు. వారిలో మన తెలుగువారు తక్కువేమీ కాదు.

యంత్రాన్ని కరెంటులాగా, టెలిఫోనులాగా వాడుకున్నంతకే డబ్బు కట్టే రోజు వస్తుందని జాన్ మెకార్తీ అనే శాస్త్రజ్ఞుడు 1961లోనే ఊహించాడు. ఒకే పెద్ద యంత్రాన్ని అనేక యంత్రాలుగా భ్రమింపజేసే ఉపాయాన్ని ఐ.బి.ఎం. 1972 నాటికి అమ్మకానికే పెట్టింది. ఈ రెండూ కలిసి సామాన్యుడి చేతికి అందినది 2006 ఆగస్టులో. ఆ నెలలో అమెజాన్ సంస్థ గంటకు 10 సెంట్ల చొప్పున యంత్రాలను అద్దెకివ్వడం ప్రారంభించింది. 2016లో ముంబైలోనూ, 2022లో హైదరాబాదులోనూ ఆ సంస్థ తన కేంద్రాలను తెరిచింది. ఒకనాడు ఢిల్లీ చుట్టూ తిరిగితేగాని దొరకని యంత్రం ఇప్పుడు నిమిషాల్లో వస్తుంది.

మరి కష్టాలన్నీ తీరాయా? 2014 అక్టోబరు 6న ఏం జరిగిందో చూడండి. బెంగళూరుకు చెందిన ఫ్లిప్‌కార్ట్ ఆ రోజు దేశమంతటికీ చవక అమ్మకం ప్రకటించింది. జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. పేజీలు తెరుచుకోలేదు, కొన్నవారి ఆర్డర్లు కొన్ని రద్దయ్యాయి. మరునాడు వ్యవస్థాపకులిద్దరూ కొనుగోలుదారులకు క్షమాపణ లేఖ రాశారు. దాదాపు 5,000 సర్వర్లు పెట్టామనీ, మామూలుకంటే 20 రెట్ల రద్దీకి సిద్ధపడ్డామనీ, వచ్చిన జనం అంతకంటే ఎక్కువనీ అందులో చెప్పుకున్నారు. సర్వర్లు వేలల్లో ఉన్నాయి. తక్కువైనది అంచనా.

ఇటువంటి రోజుకు ముందుగా చేసే పరీక్షకు లోడ్ టెస్టింగ్ అని పేరు. వందలాది యంత్రాలను అద్దెకు తెచ్చి, వాటిచేత లక్షలమంది కొనుగోలుదారుల వేషం వేయించి, ఒక్కసారిగా మీ ప్రోగ్రాము మీదికి వదులుతారు. ఎక్కడ తెగుతుందో తెలిశాక దాన్ని బాగుచేసి మళ్ళీ వదులుతారు. ఒక పూట పనికోసం అన్ని యంత్రాలు కొనడం ఎవరి తరమూ కాదు, అద్దె కాబట్టే సాధ్యం.

అద్దె సరుకుకు కొన్ని జాగ్రత్తలున్నాయి. పని కాగానే యంత్రాన్ని ఆపకపోతే మీరు నిద్రపోతున్నా బిల్లు పెరుగుతూనే ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. పరీక్షకోసమని అసలు ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు యథాతథంగా అద్దె యంత్రంలోకి ఎక్కించరాదు. కల్పిత వివరాలతోనే పరీక్షించాలి. వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో మన పార్లమెంటు చట్టమే చేసింది.

ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు ఈ ప్రసంగం వింటుంటే వారికి ఒక్క మాట. మీ ముందు తరానికి యంత్రం దొరకలేదు, దొరికిన గంటను వాళ్ళు వృథా చేయలేదు. పరుగెత్తించే ముందు ప్రతి వరుసా కాగితం మీద సరిచూసుకునేవారు. మీకు యంత్రానికి కొరత లేదు. ఏది తప్పిపోవచ్చునో ముందుగా ఊహించే ఓపికను మాత్రం ఏ సంస్థా గంటల లెక్కన అద్దెకివ్వదు. దాన్ని మీరే అలవరచుకోవాలి.