కాలమునకు పరమాణువు సాక్ష్యము: లూయీ ఎస్సెన్

ఘడియ, విఘడియ, లిప్త అను మాటలు నేటికిని మన పంచాంగములలో నిలిచియున్నవి. నీటిపై నుంచిన చిల్లిగిన్నె మునుగుటనుబట్టి మన పెద్దలు ఘడియను లెక్కించెడివారు. సాధనమేదైనను, వేల సంవత్సరములు కాలమునకు తుది ప్రమాణము ఆకాశమే. సగటు దినములో 86,400వ భాగమే సెకను. ఆ ప్రమాణమును ఆకాశమునుండి పరమాణువునకు మార్చినవారిలో అగ్రగణ్యుడు ఆంగ్ల భౌతికశాస్త్రజ్ఞుడగు లూయీ ఎస్సెన్.

ఈయన 1908లో నాటింగ్‌హాం నగరమున జన్మించెను. 1929లో లండను సమీపమున టెడ్డింగ్టనులోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరి, 1972లో విశ్రాంతి గైకొనువరకు అచ్చటనే కృషి సల్పెను. 1938లో క్వార్ట్జు స్ఫటిక వలయముతో నడచు గడియారమును నిర్మించెను. భూభ్రమణము సమవేగము కాదనియు, ఋతువులనుబట్టి కొంచెము మారుచున్నదనియు స్ఫటిక గడియారములు తేటపఱచెను. కొలబద్దకే నిలుకడ లేనప్పుడు కొలతకు విలువ యెక్కడిది?

1946లో ఎస్సెన్, గార్డన్ స్మిత్తుతో కలిసి, లోహపు గుల్లలో సూక్ష్మతరంగములను నిలిపి కాంతివేగమును కొలిచెను. ఫలితము సెకనునకు 2,99,792 కిలోమీటర్లు. నాడు అంగీకృతమైన విలువకంటె సుమారు 16 కిలోమీటర్లు హెచ్చు. పలువురు సందేహించిరి. ఆయన మెఱుగైన సాధనముతో మరల కొలిచి, 1950లో 2,99,792.5 అని ప్రకటించెను. తుదకు లోకము ఆయన కొలతనే అంగీకరించినది.

1955లో జాక్ ప్యారీ సహాయమున సీజియం గడియారమును నడిపించెను. సీజియం పరమాణువు ఒక స్థితినుండి వేఱొక స్థితికి మారుటకు నియతమైన స్పందనసంఖ్య గల తరంగము కావలెను. ఆ సంఖ్యయే గడియారమునకు లోలకము. సుమారు 300 సంవత్సరములకు ఒక్క సెకను తప్పునంతటి నిక్కచ్చి దానిది. పిమ్మట అమెరికా నౌకాదళ వేధశాలకు చెందిన మార్కోవిట్జ్ చంద్రగమనమును పరిశీలింపగా, ఇరువురి కృషిచే 1958లో సెకనునకు 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 స్పందనములని తేలెను. 1967లో ఆ సంఖ్యయే సెకనునకు అంతర్జాతీయ నిర్వచనమయ్యెను.

ఇచ్చట ఒక విషయము దాచరాదు. ఐన్‌స్టీను సాపేక్ష సిద్ధాంతమును ఎస్సెన్ అంగీకరింపలేదు. దానిని విమర్శించుచు 1971లో గ్రంథమును ప్రకటించెను. ఆ సంవత్సరముననే హేఫెలె, కీటింగ్ అనువారు సీజియం గడియారములను విమానములలో నుంచి భూమిని చుట్టివచ్చిరి. తూర్పునకేగినవి వెనుకబడెను, పడమటికేగినవి ముందుకు సాగెను. సిద్ధాంతము చెప్పినదే జరిగినది. ఎస్సెన్ లోకమునకిచ్చిన సాధనమే ఆయన వాదమునకు ఎదురు సాక్ష్యము పలికినది.

దీనివలన ఆయన కీర్తికి కొఱత లేదు. 1946లో పెద్దల మాటకంటె కొలత గొప్పదని నిరూపించినవాడాయనే. ఆ న్యాయము ఆయనకును వర్తించినది. 1997లో ఆయన కన్నుమూసెను. ఇరువదియైదు వత్సరములను లెక్కించుకొను ఈ రజతోత్సవవేళ, మన గ్రంథాలయమున చదువుకొను యువకులు, ఆ లెక్కలోని ప్రతి సెకను వెనుకనున్న ఈ ఓర్పుగల మనిషిని స్మరింతురుగాక.