గుల్ల గిటారుకు విద్యుత్తు తెచ్చిన చిక్కు

బొబ్బిలి వీణకు పనసదుంగను తొలిచిన కుండ ఎట్లో, గిటారుకు గుల్లపెట్టె అట్లే నాదపుష్టి నిచ్చును. అమెరికాలో గిబ్సన్ సంస్థ 1936లో ఇ.ఎస్.-150 అను గుల్ల గిటారుకు తీగల క్రింద అయస్కాంతమును, రాగితీగ చుట్టను అమర్చినది. ఉక్కుతీగ కంపించినపుడు చుట్టలో విద్యుత్తు పుట్టి, లౌడ్‌స్పీకరులో ధ్వనిగా మారును. ఆ ధ్వని హెచ్చినచో తిరిగి పెట్టెనే కంపింపజేసి, ఊళ వంటి కూత పుట్టించును.

1949 నాటి ఇ.ఎస్.-175లో చెక్కిన స్ప్రూసు పలకకు బదులు, అంత తేలికగా కంపింపని పొరల మేపిల్ పలకను వాడిరి. 1958లో వచ్చిన ఇ.ఎస్.-335ను పలుచన చేసి, నడుమ గట్టి చెక్కదిమ్మెను పొదిగిరి. గుల్ల ఇరుప్రక్కలనే మిగిలినది. కూత చాలవరకు అణగినది. దానితోపాటు పెట్టె సొంత గొంతుకయు తగ్గినది. అందుచేతనే ఆ గొంతుక కోరు జాజ్ వాద్యకారులు నేటికిని పూర్తి గుల్ల గిటారునే ఎన్నుకొనుచున్నారు.