బేవార్సు వెధవ

మర్యాద మాటల చరిత్ర రాసేవారికి మనలో కొదవ లేదు. తిట్ల చరిత్రను మాత్రం వీధి అరుగు మీదే వదిలేశాం. ఇది తగదని నా అభిప్రాయం. ఒక సమాజం ఎవరిని చిన్నచూపు చూస్తుందో దాని స్తోత్రాలకన్నా తిట్లే నిజాయితీగా చెబుతాయి.

స్పానిష్‌లో 'కొహోనెస్' అని ఒక పచ్చి మాట ఉంది. అర్థం వృషణాలు. కోపానికీ విసుగుకీ ఆశ్చర్యానికీ కూడా అక్కడివాళ్లు దాన్ని వాడతారు. ఇంగ్లీషు అందులోంచి ఒక్క అర్థమే ఏరుకుంది: తెగువ. హెమింగ్వే 1932లో ఎద్దుల పోరు మీద రాసిన పుస్తకంలో ఈ మాట ఉంది. 1996లో క్యూబా రెండు చిన్న విమానాలను కూల్చినప్పుడు, అమెరికా ప్రతినిధి ఆల్‌బ్రైట్ దీన్ని భద్రతామండలిలోనే ఉచ్చరించింది. అదే అర్థం గల సొంత ఇంగ్లీషు మాటను ఆ సభలో అనగలిగేదా? పరాయి బూతు చెవికి సగం బూతే. (తెగువను మగవాడి అవయవానికి కట్టిపెట్టే జబ్బు స్పెయిన్‌దొక్కటే కాదు. మన మీసాల సంగతి తెలిసిందే.)

అక్కడ అరువుపోయిన బూతు మర్యాద సంపాదించుకుంది. మన దగ్గర మర్యాదగా వచ్చిన మాట తిట్టయింది. తణుకు సంతలోనైనా, గోస్తనీ గట్టునైనా, మావంటి ఉపాధ్యాయుల నోటనైనా 'బేవార్సు వెధవ' వినబడుతూనే ఉంటుంది. రెండూ అరువు మాటలే. 'బే' అంటే ఫారసీలో లేకపోవడం. 'వారిస్' అంటే అరబ్బీలో హక్కుదారు. కుతుబ్‌షాహీలూ నిజాములూ సర్కారు జిల్లాలను ఏలిన కాలంలో జమాబందీ, దస్తావేజు, తహశీలు వచ్చిన దారి అదే. వారసు లేని ఆస్తి ప్రభుత్వపరం అన్నది పాత సూత్రం. డల్హౌసీ దాన్నే సంస్థానాల మీద ప్రయోగించి, 1848లో సతారాను, తర్వాత ఝాన్సీని మింగాడు.

ఆస్తికి అన్న మాట మనిషికి ఎలా అంటుకుంది? పొలానికి హక్కుదారు లేకపోతే అది బేవారసు. మనిషికి పొలమూ ఇల్లూ పేరు చెప్పుకునే వంశమూ లేకపోతే వాడూ బేవారసే. ఆస్తి కళ్లతో మనిషిని చూసేవాడికి ఈ రెండూ ఒక్కటే. 'బద్మాష్' కథా ఇలాంటిదే: 'బద్' అంటే చెడు, 'మఆష్' అంటే బతుకుదెరువు. దీన్ని తిట్టుతో సరిపెట్టలేదు. కంటికి కనిపించే జీవనాధారం లేనివాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, సత్ప్రవర్తనకు పూచీ అడగవచ్చునని 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడు 109వ సెక్షను అంది. పని దొరకనివాడు నేరస్థుడికి పక్కింటివాడన్నమాట! 1973 కోడులో ఆ భాగం వదిలేశారు.

ఇక 'వెధవ'. ఇది సంస్కృత 'విధవ'. మగవాణ్ణి తిట్టడానికి భర్త పోయిన స్త్రీని తెచ్చుకున్నాం. 1856 చట్టం వితంతువుకు మళ్లీ పెళ్లాడే హక్కు ఇచ్చింది. పెళ్లాడితే మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోతుందని రెండో సెక్షనులోనే రాసింది. మనకు పక్కనే రాజమండ్రిలో వీరేశలింగం 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించాడు. ఆ సాహసాన్ని పాఠ్యపుస్తకాల్లో చదివిస్తాం గాని, ఆస్తి సంగతి చెప్పం. 1937 చట్టం భర్త వాటాలో వితంతువుకు జీవితకాలపు హక్కు ఇస్తే, అది వ్యవసాయ భూమికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఆనకట్ట నీటితో పండే ఈ డెల్టాలో ఆస్తి అంటే పొలమే. పొలం మినహాయిస్తే ఆమెకు మిగిలేదేమిటి? సంపూర్ణ హక్కు రావడానికి 1956 హిందూ వారసత్వ చట్టం దాకా ఆగవలసి వచ్చింది.

చట్టం మారింది, తిట్టు మారలేదు. తరగతిలో ఈ రెండు మాటల్నీ మనం చనువుగానే వాడతాం, పిల్లలు నవ్వుతారు కూడా. ఆ బెంచీల మీద కూర్చున్నవారిలో ఒకడి తండ్రి సెంటు భూమి లేని కౌలుదారు, ఇంకొకడిది తల్లి ఒక్కతే కూలికి వెళ్లి నడిపే ఇల్లు.