నోదమె కథ సియోలు చేరిన వైనము

చెత్తకుప్పల నడుమ కూర్చుండి నిశ్చింతగా పియానో వాయించుచున్న ఒక యువతి ఛాయాచిత్రము జపాను చిత్రకథా రచయిత్రి నినోమియా తొమొకో కంటబడుటయే ‘నోదమె కాంటాబిలె’కు బీజము. 2001లో కోదాన్షావారి ‘కిస్’ పత్రికయందు ఆరంభమైన యీ చిత్రకథ, 2004లో ఆ సంస్థవారి మాంగా పురస్కారము నందుకొని, 2006 అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఫూజీ టెలివిజనులో 11 భాగముల నాటకముగా ప్రసారమయ్యెను.

చెవినిబడిన గీతమును తన యిచ్చవచ్చినట్లు వాయించు నోదమెయు, స్వరలిపిలోని ప్రతి చిహ్నమును వేదవాక్యముగా నెంచు చియాకియు ఒకే సంగీత కళాశాల విద్యార్థులు, ఇరుగుపొరుగు గదులవారు. వాద్యబృంద నిర్దేశకుడు కావలెనని చియాకి కోరిక. విమానమన్న ప్రాణభీతి యుండుటచే ఐరోపా కేగలేడు. ఒక రాత్రి మద్యపు మత్తులో వాకిటనే ఒరిగిన యతడు, ఆమె గదిలో, మూటలు మూటలుగా పడియున్న చెత్త నడుమ, బీథోవెన్ ‘పాథెటిక్’ సొనాటా వినుచు మేలుకొనును. పిదప వారిరువురును మోజార్టు రచించిన రెండు పియానోల సొనాటాను కలిసి వాయించునప్పుడు, ఆమెను అదుపున బెట్టవలెనన్న పట్టుదల విడిచి, ఆమె పోకడను ముందుగా పసిగట్టి అందుకొనుటలో అతడు పొందు ఆనందమే నిర్దేశకవిద్యకు ప్రథమపాఠ మగుచున్నది. ప్రణయమంతయు ఆ వాదనముననే కలదు; వేరుగా చెప్పవలసిన పని లేదు.

ఉఎనో జురి, తమాకి హిరోషి నటించిన ఆ నాటకమున హాస్యము మితిమీరినదే. చియాకి కోపించి త్రోసినంతనే ఆమె బొమ్మవలె గాలిలో తిరుగును. కాని పాత్రలన్నియు ఆ చిత్రకథాలోకమునకే చెందినవగుటచే అతి యనిపింపదు. సంగీత మారంభమైనంతనే ఆ కోలాహలమంతయు అణగి, శ్రద్ధ నిలుచును.

2014 అక్టోబరు 13న కొరియాలో కేబీఎస్ రెండవ ఛానెలు 16 భాగముల పునర్నిర్మాణమును ప్రారంభించినది. జూ వొన్, షిమ్ ఉన్‌క్యుంగ్ క్రమముగా నాయకుడు, నాయిక. మూలమును ప్రాణప్రదముగా ప్రేమించినవారలమై ఎదురుచూచితిమి, దక్కినది ఆశాభంగము. నాయిక చేష్టలను మాతృకనుండి గ్రహించిరే గాని, ఆ చేష్టలు చెల్లుబాటగు లోకమును నిర్మింపరైరి. చుట్టునున్నవారు సహజముగా మెలగుచుండ, ఆమె యొక్కతెయే శిశుప్రాయముగా కానవచ్చును. అది చాలదన్నట్లు, మూలమున లేని చెల్లో వాదకుని పాత్రను, పార్క్ బో-గమ్ నటించినదానిని, ప్రవేశపెట్టి త్రికోణప్రణయమునకు తావిచ్చిరి. పార్క్ బో-గమ్ చక్కగానే నటించెను. కాని వాద్యముల నడుమ పుట్టవలసిన అనురాగము మాటలలోనికి, చూపులలోనికి జారిపోయెను.

నాడు నిందలో అధికభాగము షిమ్ ఉన్‌క్యుంగ్‌పై మోపబడినది. అది అన్యాయము. లోపము కల్పనది, నటిది కాదు. అనంతరము జపానుకే వెళ్లిన ఆమె, ‘షింబున్ కిషా’ అను చలనచిత్రమునందలి పాత్రికేయురాలి పాత్రకుగాను, 2020లో జపాన్ అకాడమీవారి ఉత్తమనటి పురస్కారము నందుకొనెను.