బొమ్మ కారు కొలతలు

రవాణా శాఖలో గుమాస్తాగా రిజిస్ట్రేషను కాగితాలు రాసి రాసి, బండ్ల పొడవు, వెడల్పు, వీల్‌బేసు నాకు కంఠతా వచ్చేశాయి. అందుకే కాబోలు, బొమ్మ కారు చేతికొస్తే ముందు కొలతలే చూస్తాను. కప్పు వెడల్పుగా, కిటికీలు చిన్నవిగా, చక్రాలు లావుగా కనిపిస్తాయి. చేసినవాడు మోసం చేశాడని మా పెద్ద మనుమడి వాదన. నేనొప్పుకోను. దీని వెనుక తొంభై ఏళ్ల చరిత్ర ఉంది.

ఇంగ్లండులో లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ 1933లో హార్న్‌బీ బొమ్మ రైళ్ల పక్కన పెట్టుకోవడానికి చిన్న మోటారు బండ్లు తెచ్చింది. మరుసటి ఏడే వాటికి డింకీ టాయ్స్ అని పేరు పెట్టారు. ఆ రైళ్లకు అక్కడ అడుగుకు 7 మిల్లీమీటర్ల లెక్క, అంటే సుమారు 43వ వంతు. నేటికీ సేకరించేవారు కోరుకునే 1:43 కొలత రైలు నుంచి వచ్చిందే!

మన అంబాసిడర్‌నే తీసుకోండి. పొడవు సుమారు 4.3 మీటర్లు, బొమ్మకు 10 సెంటీమీటర్లు. బాగానే ఉంది. మరి రేకు మందమో? మిల్లీమీటరు అనుకున్నా, అందులో 43వ వంతంటే కాగితం కంటే పలచన. జింకు మిశ్రమాన్ని అంత పలచగా పోత పోయలేరు. బొమ్మకూ దాదాపు మిల్లీమీటరు ఉండాల్సిందే. అసలు కారు రేకు నాలుగు సెంటీమీటర్లు దాటినట్టన్నమాట! కిటికీ కమ్ములు లావెక్కి, అద్దాలు చిన్నబోవా?

1953లో లండనులోని లెస్నీ కంపెనీ మాచ్‌బాక్స్ బొమ్మలు మొదలుపెట్టింది. భాగస్వామి జాక్ ఓడెల్ కూతురి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలనే రానిచ్చేవారట. ఆయన చిన్న రోడ్డు రోలరు చేసిచ్చాడు. ఇక పెట్టే కొలబద్ద అయింది. రెండంతస్తుల బస్సూ, కారూ దాదాపు ఒకే పొడవు! 1968లో అమెరికాలో మాటెల్ కంపెనీ తెచ్చిన హాట్ వీల్స్ మరీ విచిత్రం. జోరుగా పరుగెత్తాలని ఇరుసులు సన్నం చేశారు, చాలావాటికి వెనుక చక్రాలు కావాలనే పెద్దవి పెట్టారు. వాటిని నేను ఆటవస్తువులంటానే గాని నమూనాలనను.

కొలత సరిగ్గా కుదిరినా కన్ను ఒప్పుకోదు. బల్ల మీది 1:43 కారును 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చూడడమంటే, నాలుగో అంతస్తు మీద నుంచి వీధిలోని కారును చూడడమే. కప్పూ, బానెటే కనిపిస్తాయి. కన్ను బల్ల మట్టానికి, నాలుగు సెంటీమీటర్ల ఎత్తుకు, దించి చూడండి. అప్పుడు తలుపులూ, చక్రాలూ మనం రోడ్డు మీద చూసే తీరుకు వస్తాయి.