కరిగితేనే చల్లన

చెరకురసం బండి దగ్గర నిలబడి "ఐసు వెయ్యకు, నీళ్లయిపోతుంది" అని మీరెన్నిసార్లు అనలేదు! చల్లదనం మాత్రం కావాలి. ఐసు కరగకుండా రసాన్ని చల్లబరచగలదా? జవాబు కోసం ఒక పాతకాలపు అమెరికా విస్కీ పానీయం కథ చూద్దాం. తాగడానికి కాదు లెండి, లెక్క కట్టడానికి.

"కాక్‌టెయిల్ అంటే ఏమిటి?" అని 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రికను ఒక పాఠకుడు అడిగాడు. ఏదో ఒక మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్ అనే చేదు మూలికల సారం కలిపినది అని సంపాదకుడు జవాబిచ్చాడు. అందులో ఐసు లేదు.

చిత్రంగా అదే 1806లో బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్, చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మంచును కోయించి ఓడలో కరీబియన్ దీవులకు పంపాడు. జనం నవ్వారు. కానీ కొన్ని దశాబ్దాల్లో ఐసు చవకైంది. 1862లో జెర్రీ థామస్ అచ్చువేసిన పుస్తకంలో విస్కీ కాక్‌టెయిల్‌కు నీళ్లు చెప్పలేదు. గ్లాసులో మూడోవంతు ఐసు వెయ్యమన్నాడు. నీళ్లు మాయమయ్యాయనుకోకండి, ఐసు రూపంలో వచ్చాయి! తరువాత బార్లవాళ్లు రకరకాల తీపి మద్యాలు చేర్చడం మొదలుపెడితే, పాత పద్ధతిలోనే కావాలని కొందరు పట్టుబట్టారు. అలా దానికి 'ఓల్డ్ ఫ్యాషన్డ్' అన్న పేరే స్థిరపడింది.

ఇక లెక్క. 60 మిల్లీలీటర్ల విస్కీ 25 డిగ్రీల నుంచి సున్నాకు దిగాలంటే సుమారు 1,400 కెలోరీల వేడిని వదలాలి. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కెలోరీలు కావాలి. ఇదే గుప్తోష్ణం, 1760లలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ బోధించినది. భాగించి చూడండి: 17, 18 గ్రాముల ఐసు కరగక తప్పదు. ఫ్రీజరులోంచి మైనస్ 18 డిగ్రీల ఐసు తెచ్చినా, అది సున్నాకు చేరే లోపు గ్రాముకు 9 కెలోరీలే పీలుస్తుంది. అసలు పని చేసేది కరగడమే. పైగా కుల్ఫీ బండివాడి ఉప్పులాగా, ఆల్కహాలు కూడా ఘనీభవన స్థానాన్ని తగ్గిస్తుంది. అందుకే బాగా కలిపితే పానీయం సున్నాకన్నా కిందికి దిగుతుంది. గిలకొడితే గాలి బుడగలు చేరి మసకబారుతుంది, చెంచాతో తిప్పితే తేటగా ఉంటుంది.

అంత వేడి పీల్చుకుంటేగాని కరగదు కాబట్టే ఐసు మన దేశందాకా రాగలిగింది. 1833 మే నెలలో 'టస్కనీ' ఓడ సుమారు 180 టన్నులతో బోస్టన్ విడిచింది. భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలలకు కలకత్తా చేరేసరికి దాదాపు 100 టన్నులు మిగిలాయి! మద్రాసు సముద్రతీరంలో 1842లో ట్యూడర్ వ్యాపారం కోసం లేచిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది. 1897లో స్వామి వివేకానంద బస చేసింది ఆ భవనంలోనే.