డీజే విద్య: పుట్టుపూర్వోత్తరములు

డీజే యను మాట నేడు మన పల్లెలలో ఎరుగనివారు లేరు. పెండ్లి ఊరేగింపునందును, వినాయక నిమజ్జనమునందును లారీమీద పెట్టెలు పేర్చి గుండెలదరునట్లు పాటలు మ్రోగించు సరంజామాకే మనవారు డీజే యని పేరు పెట్టిరి. ఆ మ్రోతకు పెద్దలు తలుపులు మూసికొనుట న్యాయమే. కాని ఆ మాట మొదట యంత్రమునకు గాక మనుష్యునకు చెల్లిన పేరు. ఇంగ్లీషున డిస్కు అనగా పాటల పళ్లెము. జాకీ అనగా గుఱ్ఱపు రౌతు. పాటల పళ్లెములను గుఱ్ఱములవలె అదుపులో నుంచి నడుపువాడు డిస్కు జాకీ. ఆ రెండు మాటల తొలి యక్షరములే డీజే. ఆ విద్య యెక్కడ పుట్టినది, ఎవరి చేతులలో పెరిగినది, దానివలన ఏమి నిలిచినది, ఏమి మరుగుపడినది యను విషయములను ఈ ప్రసంగమున మనవి చేయుదును.

పళ్లెము కథ ముందు చెప్పవలెను. 1887లో ఎమిలీ బెర్లినరు అను జర్మను దేశజుడు అమెరికాలో గ్రామఫోనునకు హక్కుపత్రము కోరెను. శబ్దమును చదునైన పళ్లెముమీద చాళ్లుగా గీయుట అతని ఉపాయము. తరువాత ఆ పళ్లెములను లక్క కలిపిన ముద్దతో పోయుచు వచ్చిరి. ఆ లక్కలో అధికభాగము మన దేశమునుండియే పోవుచుండెను. ఛోటానాగపుర ప్రాంతమున మోదుగ, రేగు మున్నగు చెట్ల కొమ్మలపై పురుగులు పెట్టిన లక్కయే సముద్రములు దాటి సంగీతమైనది. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలను పట్టుకొనెను. ఆమె పాట ముగియగానే తన పేరు తానే పలికెడిది. మన వాగ్గేయకారులు కృతి చివర ముద్ర వేయుట వంటిదే యిది. ఈ పేరు సంగతి జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనితో పని యున్నది.

లక్క పళ్లెము బరువైనది, పెళుసైనది. నిమిషమునకు 78 చుట్లు తిరిగి మూడు నాలుగు నిమిషములలో ముగియును. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీవారు వినైల్ అను కృత్రిమ పదార్థముతో చేసిన పళ్లెమును తెచ్చిరి. అది నిమిషమునకు ముప్పదిమూడు చుట్లపైన మూడవవంతు మాత్రమే తిరుగును. ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా పాడును. మరుసటి యేడు ఆర్.సి.ఏ. కంపెనీవారు 45 చుట్ల చిన్న పళ్లెమును వెలువరించిరి. ఈ వినైల్ పళ్లెములే మన కథకు ఆధారము.

ఇక స్థలము. న్యూయార్కు నగరమున ఉత్తరభాగము బ్రాంక్సు. రాబర్ట్ మోజెస్ అను అధికారి 1948 నుండి ఆ పేటల నడుమ పెద్ద మోటారు బాట వేయించుటలో వేలకొలది కుటుంబములు ఇండ్లు విడిచి పోవలసి వచ్చెను. కలిగినవారు శివారులకు తరలిరి. పేద నీగ్రో జాతివారును, పోర్టోరికో వారును, కరీబియను దీవులనుండి వచ్చినవారును మిగిలిరి. 1970 దశకమున ఆ పేటలలో ఇండ్లు వరుసగా అంటుకొని కాలిపోయెను. అట్టి చోట బాలురకు వాద్యములు కొనిపెట్టువా రెవరు? సంగీతము నేర్పువా రెవరు? ఇండ్లలో తల్లిదండ్రుల పాత రికార్డులు మాత్రము ఉండెను. వారు వానినే వాద్యములుగా చేసికొనిరి.

క్లైవ్ క్యాంప్‌బెల్ అను బాలుడు 1955లో జమైకా దీవియందు జన్మించి 1967లో బ్రాంక్సునకు వచ్చెను. జమైకాలో పెద్ద పెట్టెలను వీధిలో నిలిపి జనమునకు పాటలు వినిపించు ఆచారము కలదు. కూల్ హెర్క్ అను పేరుతో ప్రసిద్ధుడైన యితడు 1973వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీని, సెడ్జ్‌విక్ వీధి 1520 నెంబరు భవనమునందు, తన చెల్లెలు సిండీ యేర్పరచిన విందులో పాటలు వినిపించెను. బడులు తెరచులోపల క్రొత్త బట్టలు కొనుక్కొనుటకై ఆమె యా విందు చేసినది. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. హిప్‌హాప్ అను కళకు ఆ రాత్రినే జన్మదినముగా నేడు లోకము చెప్పుకొనుచున్నది.

అతడు కనిపెట్టినది యేమి? పాట నడుచుచుండగా గాత్రమును, తక్కిన వాద్యములును ఆగి, డ్రమ్ముల మ్రోత మాత్రము కొన్ని క్షణములు మిగులు భాగము కొన్ని పాటలలో కలదు. దానికి బ్రేకు అని పేరు. నాట్యము చేయువారు ఆ భాగముకొరకే వేచియుండుటను హెర్క్ గమనించెను. అతడు ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి రెండు యంత్రములమీద నుంచి, ఒకదానిలో బ్రేకు ముగియునప్పటికి రెండవదానిలో అదే బ్రేకును మొదలుపెట్టెను. రెండవది ముగియునప్పటికి మొదటిదానిని వెనుకకు త్రిప్పి సిద్ధపరచెను. ఇట్లు కొన్ని క్షణముల దరువు ఎన్ని నిమిషములైన సాగెను. మన గాయకులు నెరవు చేయునపుడు ఒక్క సాహిత్యపు పాదమునే పట్టుకొని పలువిధముల పాడుదురు గదా! ఆ విధముగనే పాటలోని జీవమంతయు ఒక్క తావున గుర్తించి అచ్చట నిలుచుట యితని నేర్పు.

హెర్క్ తరువాత జోసెఫ్ శాడ్లరు వచ్చెను. 1958లో బార్బడోస్ దీవిలో పుట్టి గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అని పేరొందిన యితడు తండ్రి రికార్డులను ముట్టి దండన పొందిన బాలుడు. బడిలో విద్యుత్పరికరముల పని నేర్చినవాడు. హెర్క్ అంచనామీద సూదిని దింపుచుండెను; ఫ్లాష్‌కు ఆ అంచనా చాలలేదు. అతడు రికార్డుమీద రంగు బలపముతో గుర్తుపెట్టి, గడియారపు ముల్లును చూచినట్లు చుట్లు లెక్కించి, దరువు తప్పకుండ వెనుకకు త్రిప్పెను. పళ్లెము క్రింద మెత్తని గుడ్డ పరచి, యంత్రము తిరుగుచున్నను రికార్డు చేతికి లోబడి నిలుచునట్లు చేసెను. రెండవ రికార్డును జనమునకు వినబడకముందే తన చెవికి మాత్రము వినబడునట్లు మీట నమర్చెను. ఒక చెవితో జరుగుచున్నదానిని, రెండవ చెవితో జరుగబోవుదానిని వినుట ఈ విద్యకు ప్రాణము.

వారివద్ద చేరిన థియొడోర్ అను బాలుడు 1970 దశకపు నడుమ ఒకనాడు ఇంటిలో రికార్డులు మ్రోగించుచుండగా, తల్లి తలుపు తట్టి మందలించెను. ఆమె మాటలు వినుటకై రికార్డును చేతితో ఆపినప్పుడు అది ముందునకు వెనుకకు కదలి క్రొత్త ధ్వని పుట్టెను. దానిని అతడు నెలల తరబడి సాధనచేసి స్క్రాచి అను ప్రక్రియగా తీర్చెను. మన వేదపండితులు జటాపాఠమున మొదటి పదమును రెండవ పదమును పలికి, వెంటనే రెండవదానిని మొదటిదానిని పలికి, మరల మొదటి క్రమమునకు వత్తురు. ప్రయోజనము వేరైనను, ముందునకు వెనుకకు నడిచి శబ్దమును వశపరచుకొను సాధన రెంటను గలదు.

యంత్రమును గూర్చియు ఒక మాట. 1972లో జపానులోని మత్సుషిత కంపెనీవారు టెక్నిక్సు ఎస్.ఎల్. 1200 అను యంత్రమును వెలువరించిరి. తక్కిన పలు యంత్రములలో చక్రమును రబ్బరు పట్టీ త్రిప్పును. చేయి పెట్టినచో పట్టీ జారును. ఇందు మోటారే నేరుగా చక్రమును త్రిప్పును గనుక, ఆపి విడిచిన వెంటనే పూర్వవేగము నందుకొనును. ఇండ్లలో కూర్చుండి పాటలు వినువారికై చేసిన యా యంత్రము వీధి బాలుర చేతిలో వీణయైనది.

కాని యంత్రముకంటె ముఖ్యమైనది రికార్డుల సంచయము. నిజమైన డీజే జీవితము అంగళ్లలో, నేలమాళిగలలో, పాత సామానుల రాసులయొద్ద గడచును. మోకాళ్లమీద కూర్చుండి, దుమ్ముపట్టిన పెట్టెలలో ఒక్కొక్క రికార్డును పైకెత్తి, అట్టమీద వాద్యకారుల పేర్లు చదివి, కంపెనీ పేరు, సంవత్సరము చూచి, చాళ్లను వెలుతురున పట్టి పరీక్షించును. ఇంటికి తెచ్చి తుడిచి మొదటినుండి కడవరకు వినును. నలుబది నిమిషములు విన్నపిమ్మట నాలుగు క్షణముల దరువు దొరికిన దొరకును, లేనిచో లేదు. మానవల్లి రామకృష్ణకవిగారు మూలనపడిన తాళపత్రములను శోధించి నన్నెచోడుని కుమారసంభవమును 1909లో వెలువరించిరి. అట్టి శోధకుల యోపికయే వీరియందును కనబడును. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నగరమున ఒక రికార్డుల దుకాణపు నేలమాళిగలో ఏండ్లతరబడి వెదకిన డీజే శాడో అను నతడు, ఆ పాత రికార్డుల తునుకలతోనే 1996లో ఒక సంపూర్ణ సంగీత సంపుటము చేసెను. డిట్రాయిటు నగరవాసియైన జే డిల్లా వ్యాధిగ్రస్తుడై ఆసుపత్రిలో నుండగా, ఒక చిన్న యంత్రమును రికార్డులను మంచమువద్దకు తెప్పించుకొని పనిచేసెను. అతని కడపటి సంపుటము 2006 ఫిబ్రవరి 7న వెలువడినది. 10న అతడు మరణించెను. అప్పటికతనికి ముప్పదిరెండేండ్లు.

ఇంతవరకు చెప్పినది కీర్తి. ఇక ఋణమును గూర్చి చెప్పవలెను. హెర్క్ తన రికార్డులమీది కాగితపు ముద్రలను నీట నానబెట్టి ఊడదీసెడివాడు. పోటీవారు పాట పేరు తెలిసికొనకుండుటకై జమైకాలో నడచిన పద్ధతి యది. రహస్యము నిలిచినది, వాయించినవాని పేరు మాత్రము చెరిగినది. తరువాతి కాలమున యంత్రములు దరువులను తునుకలుగా పట్టి దాచుట నేర్వగా, ఈ అన్యాయము పెరిగినది. 1969లో విన్‌స్టన్సు అను బృందము వెలువరించిన ఒక పాటలో గ్రెగరీ కోల్మన్ వాయించిన ఆరేడు క్షణముల దరువు వేలకొలది పాటలలో చేరినది. అతడు దానివలన ఏమియు పొందక 2006లో పేదరికముననే మరణించెను. ఆ బృందపు నాయకునకు 2015లో అభిమానులు చందాలెత్తి ఇరువది నాలుగువేల పౌనులు పంపిరి. జేమ్స్ బ్రౌన్ బృందమున క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 1969లో వాయించిన దరువు కథయు ఇట్టిదే. కర్తృత్వమున అతని పేరు చేరలేదు.

ఇది చౌర్యమా, కాదా? రాజశేఖరుడు కావ్యమీమాంసయందు శబ్దహరణము, అర్థహరణము అని విభజించి, ఏది నింద్యమో ఏది గ్రాహ్యమో విపులముగా చర్చించెను. పరుల సొమ్మును తెచ్చినను దానికి క్రొత్త జీవము పోసినవాడు కవియే యని మన ఆలంకారికులు ఒప్పుకొందురు. అమెరికా న్యాయస్థానము 1991లో ఒక వ్యాజ్యమున, దొంగిలరాదను బైబిలు ఆజ్ఞతోనే తీర్పు మొదలుపెట్టి, అనుమతిలేని వాడుకను నిషేధించినది. మన దేశమునకును ఈ వివాదము తగిలినది. 1981 నాటి జ్యోతి యను హిందీ చిత్రమున లతా మంగేష్కరు పాడిన పాట తునుకను 2002లో ఒక అమెరికా పాటలో అనుమతి లేక వాడిరి. సంగీతకర్త బప్పీ లాహిరి పేరు అచ్చువేయనిదే ఆ సంపుటమును అమ్మరాదని లాస్ ఏంజెలెసు న్యాయస్థానము 2003లో ఆజ్ఞాపించెను. ధనముకంటె ముందు పేరు! ఈ యాజ్ఞయందు ధర్మము కలదని నా మతము. పాతదానిని తీసికొని పాడుట తప్పుగాదు. తీసికొన్నవాని నోట ఇచ్చినవాని పేరు లేకుండుటయే తప్పు.

కాలము మారి, పాటలు కంటికి కనబడని రూపము దాల్చినవి. 2010లో టెక్నిక్సు యంత్రముల తయారీ ఆగిపోయినది. వినైల్ పని ముగిసినదని పలువురు తలచిరి. కాని 2016లో ఆ యంత్రము మరల వచ్చినది. 2022లో అమెరికాలో వినైల్ రికార్డులు, 1987 తరువాత మొదటిసారిగా, సంఖ్యలో సీడీలను మించి అమ్ముడుపోయినవి. కార్నెల్ విశ్వవిద్యాలయమువారు 2007లో హిప్‌హాప్ సామగ్రికి ప్రత్యేక భాండాగారము నేర్పరచిరి. జే డిల్లా వాడిన యంత్రము నేడు వాషింగ్టను నగరమున జాతీయ ప్రదర్శనశాలలో నున్నది. ఒకనాడు కాలుచున్న పేటల పిల్లలయాటగా తలపబడినది నేడు చరిత్రాధారమైనది.

ఆర్యులారా! మన యిండ్ల అటకలమీదను గ్రామఫోను రికార్డులు కొన్ని యింకను గలవు. నాటక పద్యములు, హరికథలు, జానపద గీతములు వానియందున్నవి. వానిని తూకమునకు అమ్మివేయకుడు. పళ్లెమును పరుండబెట్టక నిలువుగా నుంచుడు, ఎండ తగులనీయకుడు. పాడినవా రెవరు, హార్మోనియము వాయించినవా రెవరు, మద్దెల వాయించినవా రెవరు అని తెలిసినంత మేరకు ఒక కాగితమున వ్రాసి అట్టలో నుంచుడు. మీ మనుమడు డీజే కావలెనని కోరినచో వెంటనే కోపింపకుడు. నీవు మ్రోగించు పాటలో దరువు వేసిన దెవరురా యని అడుగుడు. వాడు చెప్పగలిగెనా, ఆ విద్య వానికి పట్టుబడుచున్నదని సంతసింపుడు. చెప్పలేకపోయెనా, తెలిసికొని వచ్చి చెప్పుమనుడు.